పాఠశాల నిధుల వేలంలో ప్రచురణరంగ నిపుణుల సమయాన్ని పాటకు పెట్టడం ఎలా

అమెరికా పాఠశాలల్లో తల్లిదండ్రుల సంఘాలు నిధుల కోసం నిర్వహించే వేలంలో విడిది గృహాలు, ఆటల టిక్కెట్లు, బహుమతి బుట్టలు ఎప్పుడూ ఉండేవే. వాటి నడుమ, మీ నవల మొదటి యాభై పేజీలు ఒక లిటరరీ ఏజెంటు (రచయిత తరఫున పుస్తకాన్ని ప్రచురణ సంస్థలకు అమ్మిపెట్టే వ్యక్తి) చదివి అభిప్రాయం రాసి ఇస్తారని చెప్పే కాగితం ఒకటి కనిపిస్తే, ఏళ్ల తరబడి ఇంట్లోవాళ్లకు కూడా చూపకుండా రాసుకుంటున్న ఏ తల్లో తండ్రో ఆ బల్ల దగ్గర ఆగిపోవడం ఖాయం. డబ్బుతో మామూలుగా దొరకని వస్తువు అది. సంఘానికి దానిపై పైసా ఖర్చు ఉండదు, దాచడానికి చోటు అక్కరలేదు, పాడైపోతుందన్న భయం లేదు. అయితే ఇందులో అమ్ముతున్నది ఒక మనిషి సమయం, శ్రద్ధ. వాటి కొలతలను మొదటే తేల్చి రాసుకోకపోతే, ఇచ్చిన నిపుణుడూ గెలిచిన తల్లిదండ్రులూ ఇద్దరూ నొచ్చుకునే పరిస్థితి వస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2005లో భావప్రకటనా స్వేచ్ఛ కోసం పనిచేసే ఫస్ట్ అమెండ్‌మెంట్ ప్రాజెక్ట్ అనే సంస్థ కోసం ఈబేలో జరిగిన వేలంలో పేరున్న రచయితలు తమ రాబోయే పుస్తకాల్లో పేరు పెట్టే హక్కును పాటకు పెట్టారు. అందులో ఒక పాత్ర పేరు 25 వేల డాలర్లు దాటింది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాద బాధితుల కోసం, 2020 జనవరిలో ఆస్ట్రేలియా కార్చిచ్చుతో పోరాడుతున్న అగ్నిమాపక దళాల కోసం రచయితలు, సంపాదకులు, ఏజెంట్లు తమ సమయాన్ని, సలహాలను ఇదే రీతిలో వేలానికి ఇచ్చారు. అవన్నీ ఇంటర్నెట్‌లో, ఎక్కడివారైనా పాల్గొనేలా జరిగిన వేలాలు. పాఠశాల హాలులో జరిగే వేలానికి ఆ వెసులుబాటు ఉండదు. ఈ తేడాను గుర్తుంచుకుంటే ముందుముందు తీసుకోవలసిన నిర్ణయాలు చాలావరకు తేలికవుతాయి.

ఎవరిని అడగాలి

ప్రచురణరంగం అనగానే అందరికీ ముందుగా ఏజెంటు, ఆ తరువాత పెద్ద ప్రచురణ సంస్థలో రచనలను ఎంపిక చేసే ఎడిటరు గుర్తుకొస్తారు. ఆకర్షణ వారికే ఎక్కువ అన్నది నిజమే. పెద్ద సంస్థల ఎడిటర్లు చాలామంది ఏజెంటు ద్వారా రాని రచనలను చూడరు కాబట్టి, వారి చేత పది పేజీలు చదివించుకోగలగడం కూడా రచయితకు అపురూపమే. కానీ ఒక పుస్తకం వెనుక ఇంకా ఎందరో ఉంటారు: కాపీ ఎడిటర్లు, ముఖచిత్రం రూపొందించేవారు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవారు, ప్రచారం చూసేవారు, అనువాదకులు, ఆడియో పుస్తకాలు చదివేవారు, హక్కుల ఒప్పందాలు తెలిసిన న్యాయవాదులు. మీ పాఠశాల తల్లిదండ్రుల్లోనో, పూర్వ విద్యార్థుల్లోనో, తాతయ్యలు అమ్మమ్మల్లోనో వీరిలో ఒకరిద్దరు ఉండే అవకాశం మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ. కాబట్టి పరిచయం లేని ప్రముఖ ఏజెంట్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టే ముందు, తల్లిదండ్రులందరికీ వెళ్లే వార్తాలేఖలో ఒక వాక్యం వేసి చూడండి. బిడ్డ చదువుతున్న బడి కోసం మూడు గంటలు ఇవ్వడానికి ఒప్పుకునే మనిషి, ముక్కూ మొహం తెలియని బడి కోసం ఒప్పుకోవడం అరుదు.

ముందుకొచ్చిన ప్రతివారినీ కళ్లు మూసుకుని తీసుకోకూడదు. రచయితల దగ్గరే డబ్బు తీసుకుని పుస్తకాలు అచ్చువేసే సంస్థలు కొన్ని ప్రచురణకర్తలమని చెప్పుకుంటూ ఇటువంటి వేలాలకు ఉచిత సలహా సమావేశాలు ఇస్తాయి. గెలిచినవారికి ఆ సమావేశంలో వినిపించేది సలహా కాదు, వేల డాలర్ల ప్యాకేజీ వివరాలు. ఏజెంటు అయితే ఇటీవల ఏ పుస్తకాలను ఏ ప్రచురణ సంస్థలకు అమ్మారో, ఎడిటరు అయితే ఏ సంస్థలో ఏ పుస్తకాలపై పనిచేశారో అడగండి. నిజమైనవారు దీనికి చిన్నబుచ్చుకోరు. రచయితలను మోసగించే సంస్థల గురించి హెచ్చరించే రైటర్ బివేర్ వంటి వేదికలో ఆ పేరు ఒకసారి వెతకడం కూడా మంచిది. దానమిచ్చినవారు గెలిచిన వ్యక్తికి తమ సేవలను అమ్మజూపకూడదన్న షరతును అంగీకార పత్రంలోనే చేర్చండి.

ఏజెంట్ల విషయంలో మరో సున్నితమైన అంశం ఉంది. నిజాయితీగల ఏజెంటు ఆదాయం రచయిత సంపాదనలో వచ్చే కమిషను. స్వదేశీ ఒప్పందాలపై 15 శాతం, విదేశీ హక్కులపై 20 శాతం మామూలు. ప్రాతినిధ్యం, అంటే తన తరఫున ఏజెంటుగా ఉండమని, కోరుతూ రచయిత పంపిన రచనను చదివినందుకు రుసుము అడగడం వారి వృత్తి నీతికి విరుద్ధం. వేలం సొమ్ము పాఠశాలకే వెళుతుంది కాబట్టి చాలామంది ఏజెంట్లు దీన్ని వేరుగా చూస్తారు, అయినా కొందరు జంకుతారు, కొన్ని ఏజెన్సీలు తమ ఉద్యోగులకు అనుమతి ఇవ్వవు. అందుకే అడిగేటప్పుడే రెండు మాటలు స్పష్టం చేయండి: సొమ్ములో ఒక్క డాలరు కూడా వారి చేతికి రాదు, ఇది ప్రాతినిధ్యం కోసం చేసే పరిశీలన కాదు. ప్రచురణ సంస్థల్లో పనిచేసే ఎడిటర్లు కూడా తమ సంస్థ అనుమతి తీసుకోవలసి రావచ్చు కనుక, అడగడానికీ జవాబు ఆశించడానికీ మధ్య కొన్ని వారాల గడువు ఉంచండి.

ఏం ఇమ్మని అడగాలి

ఇక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మీ సమయం కొంత ఇవ్వగలరా అని మాత్రమే అడిగితే, అవతలివారు మొహమాటంతో సరేనంటారు, తరువాత నవల మొత్తం చదవాలేమోనని బెంగపడతారు. కొలతతో కూడిన ఒక పనిని మీరే ప్రతిపాదించండి. అమెరికా పద్ధతిలో పంక్తికీ పంక్తికీ మధ్య రెట్టింపు ఖాళీ వదిలి, 12 పాయింట్ల అక్షరాలతో టైపు చేసిన పేజీలో సుమారు 250 పదాలు పడతాయి. ఆ లెక్కన పది పేజీలంటే 2,500 పదాలు, యాభై పేజీలంటే 12,500. పెద్దల నవల ఒకటి 80 వేల నుంచి లక్ష పదాల దాకా ఉంటుంది కనుక, నవల మొత్తం చదివి అభిప్రాయం చెప్పమనడం దానంగా అడగదగ్గ పని కాదు. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం సంగతి వేరు. మామూలుగా 32 పేజీలకు కుదించే ఆ పుస్తకంలో మాటలు వెయ్యి కూడా దాటవు, కాబట్టి రచన మొత్తాన్ని చదివిస్తామని ధైర్యంగా చెప్పవచ్చు. పాఠశాల తల్లిదండ్రుల్లో పిల్లల పుస్తకం రాయాలనుకునేవారు ఎలాగూ ఎక్కువే. నా ఉద్దేశంలో బొమ్మల పుస్తకాల ఎడిటరు దొరికిన కమిటీకి సగం పని అయిపోయినట్టే.

ఏజెంట్లకు రచయితలు పంపే ఒక పేజీ పరిచయ లేఖను, దానితోపాటు మొదటి పది పేజీలను చదివి, ఒక పేజీ రాతపూర్వక అభిప్రాయం, ఆపైన అరగంట వీడియో సంభాషణ ఇవ్వడం అన్ని విధాలా సరైన కొలత. నిపుణుడికి రెండు మూడు గంటలకు మించి పట్టదు, గెలిచినవారికి చేతిలో ఒక కాగితం మిగులుతుంది. దీనికి భిన్నంగా, ఎడిటరుతో భోజనం అన్న వస్తువు పాటలో మెరుస్తుందే కానీ ఆచరణలో పేలవంగా ఉంటుంది. ఇద్దరు అపరిచితులు ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇబ్బంది పడతారు, తారీఖులు కుదరక నెలలు గడిచిపోతాయి, చివరికి రచనపై పనికొచ్చే మాట ఒక్కటీ మిగలకపోవచ్చు. భోజనమే పెట్టాలనుకుంటే, ముందుగా పేజీలు పంపి వాటిపైనే మాట్లాడుకునే ఏర్పాటు చేయండి.

వేలంలో ధర పెరగాలంటే కనీసం ఇద్దరు పట్టుదలగా పాడాలి. మూడు వందల కుటుంబాల పాఠశాలలో నవల రాసి పెట్టుకున్నవారు ఏ నలుగురో ఉంటారు, వారిలో ఆ రాత్రి హాలుకు వచ్చేది ఇద్దరైతే, సైన్స్ ఫిక్షన్ రాసేవారు ఒక్కరే కావచ్చు. అందువల్ల రాయనివారికీ పనికొచ్చే వస్తువులు ఒకటి రెండు కలపాలి. రచయిత తరువాతి పుస్తకంలో ఒక పాత్రకు గెలిచినవారు చెప్పిన పేరు పెట్టడం అన్నిటికన్నా తేలికైనది. పిల్లల పేరు పెట్టించుకోవడానికి తాతలు నాయనమ్మలు పోటీపడి పాడతారు. ఆ పాత్ర మంచిదో చెడ్డదో రచయిత ఇష్టమేనని, పుస్తకం వెలువడే తేదీకి హామీ లేదని, అసభ్యమైన లేదా ప్రసిద్ధుల పేర్లు ఒప్పుకోమని ముందే రాయాలి. బొమ్మలు వేసేవారు తరగతికి వచ్చి గంటసేపు పిల్లలతో ఒక పుస్తకం పుట్టుక గురించి మాట్లాడటం, ఇంటిపెద్దల జ్ఞాపకాలను కుటుంబం కోసం పుస్తకంగా అచ్చువేసుకోవాలనుకునేవారికి డిజైనరు సలహా, ప్రచురణరంగంలో ఉద్యోగం చేయాలనుకునే హైస్కూలు విద్యార్థికి అరగంట ముఖాముఖి, ఇవన్నీ పాటదారుల సంఖ్యను పెంచుతాయి. విద్యార్థులు పాల్గొనే వాటన్నిటిలో తల్లిదండ్రులో ఉపాధ్యాయులో ఆ సమయమంతా పక్కనే ఉండాలన్నది మినహాయింపు లేని నియమంగా పెట్టుకోండి.

పాటదారులను పెంచే రెండో మార్గం వేలాన్ని ఇంటర్నెట్‌లోనూ తెరిచి ఉంచడం. బయటి ఊళ్ల రచయితలు కూడా పాడగలిగితే ఏజెంటు అభిప్రాయానికి పాఠశాల హాలులో పలకని ధర పలుకుతుంది. దగ్గరలోని రచయితల బృందాలకు, గ్రంథాలయానికి పది రోజుల ముందు కబురు చేరేలా చూడండి. పాఠశాల పిల్లల వివరాలు ఆ పేజీలో కనిపించకుండా చూసుకోవడం మాత్రం మరవవద్దు.

అడిగే ఉత్తరం

ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ప్రచురణరంగంలోనివారు రోజంతా ఉత్తరాలు చదివేవారే; మొదటి నాలుగు వాక్యాల్లో విషయం తేలకపోతే పక్కన పెట్టేస్తారు. బడి పేరు, డబ్బు దేనికి, మీరు అడుగుతున్న పని ఎంత, ఎప్పటిలోగా చేయాలి, జవాబు ఏ తేదీలోగా కావాలి అన్నవి చాలు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మా పాఠశాల గ్రంథాలయానికి పుస్తకాలు కొనడం కోసం వసంతకాలంలో వేలం నిర్వహిస్తున్నాము. గెలిచిన ఒక్కరి రచనలో మొదటి పది పేజీలు చదివి, ఒక పేజీ అభిప్రాయం రాసి, అరగంట ఫోనులో మాట్లాడటానికి మీరు అంగీకరిస్తారా? మీకు నచ్చని రచనా విభాగాలను ముందే మినహాయిస్తాము. రచన మీకు వేలం తరువాత ఆరు నెలల్లోగా అందుతుంది, అందాక ఆరు వారాల్లో మీకు వీలైన వారాన్ని మీరే ఎంచుకోవచ్చు."

ఆ చివరి వాక్యం విలువ చిన్నది కాదు. పిల్లల పుస్తకాలవారు వసంతకాలంలో బొలోన్యా పుస్తక ప్రదర్శనకు, మిగతావారు లండన్ ప్రదర్శనకు, మళ్లీ అక్టోబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లే హడావుడిలో ఉంటారు. ఆ వారాల్లో ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. అంగీకారం వచ్చాక, మాట్లాడుకున్నదంతా ఒక పేజీలో రాసి పంపి, సరేనని ఈమెయిలులో జవాబు తీసుకోండి.

వివరణ పత్రం

బల్లపై చూపడానికి వస్తువు లేదు కనుక, ఇక్కడ కాగితమే వస్తువు. నిపుణుడు పనిచేసిన పుస్తకాలు రెండు మూడు, సంతకం చేసినవైతే మరీ మంచిది, పక్కన పేర్చి, మందపాటి కాగితంపై అచ్చువేసిన ధ్రువపత్రాన్ని ముందు నిలబెట్టండి. నిపుణుడి పరిచయం మూడు వాక్యాలకు మించనక్కరలేదు. ఆ కింద ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నవి ఒకే పరిమాణం అక్షరాల్లో ఉండాలి. దొరకనివాటిని అడుగున చీమతలంత అక్షరాల్లో దాచితే గొడవ తరువాత తప్పక వస్తుంది.

పత్రంలోని మాటలు దాదాపు ఇలా ఉండవచ్చు: "పెద్దల కోసం లేదా యువత కోసం రాసిన నవల మొదటి పది పేజీలు, ఒక పేజీ పరిచయ లేఖ. ఇంగ్లీషు రచనలు మాత్రమే. కవిత్వం, స్క్రీన్‌ప్లేలు స్వీకరించబడవు. రచన అందిన ఆరు వారాల్లో ఒక పేజీ రాతపూర్వక అభిప్రాయం, ఆపైన ముప్పై నిమిషాల వీడియో సంభాషణ. ఈ వస్తువును గెలవడం వల్ల ప్రాతినిధ్యం గానీ, ప్రచురణ గానీ, మరొకరికి సిఫారసు గానీ లభిస్తుందన్న హామీ లేదు. రచనను వేలం ముగిసిన ఆరు నెలల్లోగా పంపాలి. నగదుగా మార్చుకునే వీలు లేదు. మరొకరికి ఒకసారి బహుమతిగా ఇవ్వవచ్చు."

హామీ లేదన్న వాక్యాన్ని కమిటీలో ఎవరో ఒకరు తీసేయమంటారు, పాట తగ్గుతుందని భయపడతారు. తీయకండి. తలుపు తెరుచుకుంటుందన్న భ్రమతో వెయ్యి డాలర్లు పాడినవారికి, పది పేజీలపై నిర్మొహమాటమైన విమర్శ చేతికొస్తే వారు పాఠశాలను తప్పుపడతారు. అభిప్రాయం ఎంత మర్యాదగా ఉన్నా కొంత గుచ్చుకుంటుందని ముందే తెలిసినవారు దాన్ని లాభంగా తీసుకుంటారు. రచనను గోప్యంగా ఉంచుతామని, ఇతరులకు పంపమని, కృత్రిమ మేధ సాధనాల్లోకి ఎక్కించమని నిపుణుడి తరఫున ఒక మాట చేర్చితే పాటదారులకు ధైర్యంగా ఉంటుంది. ఈమధ్య రచయితలు ముందుగా అడిగే ప్రశ్న అదే.

ధర, పన్ను

విలువ కట్టడానికి, అదే పనికి స్వతంత్ర ఎడిటర్లు బయట ఎంత తీసుకుంటున్నారో చూడాలి. స్వతంత్ర ఎడిటర్ల సంఘమైన ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్ ఇటువంటి పనులకు మామూలుగా నడిచే ధరలను ప్రకటిస్తూ ఉంటుంది. దాని ఆధారంగా మీ అంచనా రాసుకుని, అది ఎలా వచ్చిందో చూపే కాగితాలను భద్రపరచుకోండి. ప్రారంభ పాటను ఆ విలువలో మూడో వంతుకో సగానికో పెట్టడం మంచిది. మరీ తక్కువ పెడితే నిపుణుడికి చిన్నతనంగా ఉంటుంది, విలువ దగ్గరే మొదలుపెడితే మొదటి పాట ఎవరూ పాడరు. ఇద్దరు హోరాహోరీగా పాడినప్పుడు, రెండో స్థానంలో ఉన్నవారికీ అదే ధరకు ఇవ్వడానికి నిపుణుడు ఒప్పుకుంటారేమో ముందే అడిగి ఉంచుకుంటే, ఒక్క దానం రెండింతల సొమ్ము తెస్తుంది. ఆ ప్రశ్నను వేలం రాత్రి అందరి ముందూ మైకులో అడిగి మొహమాటపెట్టడం మాత్రం అన్యాయం.

అమెరికా పన్ను నియమాల్లో మూడింటిని కమిటీ తెలుసుకుని ఉండాలి. నిపుణుడు ఇచ్చింది సమయం, సేవ కాబట్టి దాని విలువను ఆయన గానీ ఆమె గానీ పన్నులో మినహాయించుకోలేరు. ధన్యవాద లేఖలో ఆ విలువను అంకెగా రాయకండి. గెలిచినవారు మార్కెట్ విలువకన్నా (అంటే పైన చెప్పినట్టు కట్టిన అంచనాకన్నా) ఎక్కువ చెల్లించిన భాగాన్ని మాత్రమే దానంగా చూపుకోగలరు, అదీ పాడేటప్పుడే ఆ విలువ వారికి తెలిసి ఉంటే. అందుకే వివరణ పత్రంలో అంచనా విలువ అచ్చువేయాలి. ప్రతిఫలంతో కూడిన చెల్లింపు 75 డాలర్లు దాటితే ఆ లెక్కను రాతపూర్వకంగా తెలియజేయడం పన్ను మినహాయింపు ఉన్న సంస్థ బాధ్యత. అమ్మకపు పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక సంఘం కోశాధికారిని అడగండి. టిక్కెట్లు అమ్మి లాటరీ తీసే ఆలోచన ఎవరికైనా వస్తే, దానికి వేరే చట్టాలు వర్తిస్తాయని గుర్తుచేయండి.

వేలం ముగిశాక

ఈ వస్తువులు చెడిపోయేది చాలాసార్లు ఇక్కడే. గెలిచినవారు రచన ఇంకొంచెం దిద్దాలని వాయిదా వేస్తారు, నిపుణుడు వారు పంపుతారులే అనుకుంటారు, కమిటీలోని వారు మారిపోతారు. ఒక్కో వస్తువుకు ఒక్క మనిషిని బాధ్యులుగా నియమించి, వేలమైన వారంలోపే ఇద్దరినీ ఒకే ఈమెయిలులో పరిచయం చేయించండి. ఆ ఈమెయిలుకు ఒప్పుకున్న షరతుల పేజీని జతచేసి, రచన ఏ రూపంలో, ఎన్ని పేజీలు, ఏ తేదీలోగా పంపాలో మళ్లీ రాయండి. మూడో నెలలో ఒకసారి, గడువుకు నెల ముందు మరోసారి గుర్తుచేస్తే సరిపోతుంది. పది పేజీలు గెలిచినవారు నలభై పంపితే, నిపుణుడు కాదనలేక చదివేలోపు బాధ్యులే మర్యాదగా వెనక్కి పంపాలి. ఆ చేదు మాట నిపుణుడి నోట రానివ్వకూడదు. నిపుణుడు ఉద్యోగం మారినా, అనారోగ్యం వచ్చినా, గెలిచినవారికి మరొక నిపుణుడిని చూపాలా డబ్బు వాపసు ఇవ్వాలా అన్నది కమిటీ వేలానికి ముందే తీర్మానించి రాసి ఉంచుకోవాలి.

పని పూర్తయిందని ఇద్దరి దగ్గరా నిర్ధారించుకున్నాక, నిపుణుడికి కృతజ్ఞతలు తెలుపుతూ ఆ సొమ్ముతో పాఠశాల ఏం కొన్నదో రాయండి. పని అనుకున్న సమయంలోనే అయిందా, పేజీలు తగ్గించాలా, ఇటువంటి వేలానికి ఒప్పుకునే సహోద్యోగులు ఎవరైనా ఉన్నారా అన్న మూడు ప్రశ్నలు అదే ఉత్తరంలో అడిగి, జవాబులను రాబోయే ఏడాది కమిటీకి అప్పగించే ఫైలులో చేర్చండి.